ఒక్క డిగ్రీ ఖరీదు 104 గజాలు

ప్లాటు చూడ్డానికి వెళ్తే మనవాళ్లు చేసే మొదటి పని ఫోన్ తీసి కంపాస్ యాప్ ఓపెన్ చేయడం. తూర్పు ఫేసింగో కాదో చూసుకోడానికి అది చాలు. అదే ఫోన్‌తో హద్దు ఎటు వెళ్తోందో కూడా తేల్చేద్దామనుకుంటే మాత్రం కొంప మునిగినట్టే.

లెక్క చూడండి. 100 మీటర్ల హద్దు గీత ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే అవతలి చివర 1.75 మీటర్ల తేడా వస్తుంది. మధ్యలో పోయే త్రికోణం ముక్క సుమారు 87 చదరపు మీటర్లు, అంటే 104 గజాలు. ఆ జాగాలో ఇల్లే కట్టేస్తారు! ఇక ఫోన్ కంపాస్ అంటారా, పక్కన కారున్నా, ఇనుప చువ్వలున్నా, ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉన్నా ఒక డిగ్రీతో ఆగదు.

సర్వేయర్‌కి కోణం కొలవడానికి ఉత్తరం ఎటో తెలియక్కర్లేదు. టోటల్ స్టేషన్‌ని సరిగ్గా ఒక హద్దు రాయి మీద నిలబెట్టి, లెవెల్ చేసి, వెనక రాయిని చూసి సున్నా పెడతాడు. తర్వాత ముందు రాయి వైపు తిప్పుతాడు. ఎంత తిరిగిందో అదే కోణం. డిగ్రీలో 60వ వంతు నిమిషం, నిమిషంలో 60వ వంతు సెకను. 5 సెకన్ల తేడా అంటే 100 మీటర్ల దూరంలో దాదాపు రెండున్నర మిల్లీమీటర్లే. (స్టాండ్ రాయికి పక్కగా పెడితే ఆ సెకన్లన్నీ వేస్ట్.)

నాకు బాగా నచ్చింది తర్వాతి స్టెప్. టెలిస్కోప్‌ని తలకిందులుగా తిప్పి అదే కోణాన్ని మళ్లీ చదువుతారు. ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్ అంటారు. మెషీన్‌లో ఉన్న వంకర ఒకసారి ప్లస్ అయితే ఇంకోసారి మైనస్ అవుతుంది. సగటు తీస్తే చాలావరకు పోతుంది. మా సాఫ్ట్‌వేర్ బగ్స్‌కి ఇలాంటి సదుపాయం ఉంటే ఎంత బాగుండు!

1802లో మద్రాసు దగ్గర మొదలైన లాంబ్టన్ సర్వేలో వాడిన థియోడలైట్ బరువు దాదాపు అర టన్ను. 1808లో తంజావూరులో గుడి గోపురం మీదకి ఎక్కిస్తుంటే గోడకి కొట్టుకుని దెబ్బతింది. లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని దాన్ని సరిచేశారు. ఇప్పటి మెషీన్‌ని ఒక్కరే భుజాన వేసుకుని వెళ్లిపోతారు.

మీ ప్లాటు సర్వే అవుతుంటే పక్కనే నిలబడి ఒక్కటి అడగండి: "సార్, మూలల కోణాలన్నీ కలిపితే ఎంతొచ్చింది?" నాలుగు మూలలకి 360 డిగ్రీలు రావాలి, ఐదు మూలలుంటే 540. కొన్ని సెకన్లు అటూ ఇటూ అయితే సర్దుతారు. నిమిషాల్లో తేడా వస్తే మళ్లీ స్టాండ్ వేయాల్సిందే.