అన్నీ ఫేకే అంటే మార్కులు కట్!

'ఫేక్ న్యూస్‌ని ఎలా గుర్తుపట్టాలి' అని కాలేజీలో సెమినార్ పెడితే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. వెనక బెంచీల్లో రీల్స్ నడుస్తుంటాయి. అదే పాఠాన్ని ఆటలా ఇస్తే?

2018లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకులు, డ్రాగ్ అనే డచ్ సంస్థతో కలిసి 'బ్యాడ్ న్యూస్' అనే బ్రౌజర్ గేమ్ తెచ్చారు. ఇందులో విలన్ మీరే. అబద్ధాలు వదిలి ఫాలోవర్లని పెంచుకోవాలి. మరీ బరితెగిస్తే మాత్రం క్రెడిబిలిటీ మీటర్ ఢమాల్! పేరున్నవాళ్లలా నటించడం, భయం, కోపం రెచ్చగొట్టడం, జనాన్ని రెండుగా చీల్చడం, కుట్ర కథలు అల్లడం, నిలదీసినవాళ్ల మీద బురద జల్లడం, ట్రోలింగ్... ఇలా ఆరు బ్యాడ్జీలు. దొంగ ఎలా ఆలోచిస్తాడో తెలిస్తే తాళం ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది కదా! టీకా వేసినట్టు, మోసాన్ని ముందే చిన్న డోసులో రుచి చూపించడమన్నమాట.

ఆడినవాళ్లు తప్పుడు పోస్టులని తక్కువగా నమ్మారని 2019లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కానీ 2023లో వేరే పరిశోధకులు ఇలాంటి ఆటల పాత డేటాని మళ్లీ లెక్కేస్తే అసలు చిక్కు బయటపడింది. నిజానికీ అబద్ధానికీ తేడా పట్టడం పెద్దగా పెరగలేదట, అన్నిటినీ అనుమానించడం పెరిగిందట. అన్నీ నమ్మేవాడూ, ఏదీ నమ్మనివాడూ ఒకటే. ఇద్దరూ చెక్ చెయ్యరు!

కాబట్టి స్కోరింగ్ మార్చాలి. హాస్టల్ రూంలో ఇలా ఆడి చూడండి. ప్లేస్‌మెంట్ గ్రూపుల్లోకి వచ్చిన ఐదు ఉద్యోగాల మెసేజ్‌లు తీసుకోండి. వాటిలో నిజమైనవి కూడా ఉండాలి. టైం 10 నిమిషాలు. నిజమో ఫేకో కరెక్టుగా చెబితే 1 పాయింట్. రుజువు చూపిస్తే ఇంకో 3. నిజమైనదాన్ని ఫేక్ అంటే మైనస్ 2.

మెసేజ్‌లోని లింక్ నొక్కకూడదు. కంపెనీ వెబ్‌సైట్ మీరే వెతికి కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందా చూడాలి. మెయిల్ ఐడీలో '@' తర్వాత కంపెనీ పేరుకి ఒక అక్షరం అటూ ఇటూ అయిందా చూడాలి. 'రిజిస్ట్రేషన్ ఫీజు' అడిగితే ఇక ఆలోచించక్కర్లేదు, రెడ్ కార్డే.

ఈ ఆటలో ఓడితే పోయేది పాయింట్లే. బయట ఓడితే నాన్న అప్పు చేసి పంపిన డబ్బు పోతుంది. నిజమైన ఆఫర్‌ని ఫేకని కొట్టిపారేస్తే ఉద్యోగమే పోతుంది. అందుకే ముందు రూంలో ఆడేద్దాం.