ఐ.పి. దరఖాస్తులో ఇంటి ఖర్చుకు చోటేదీ?

గుంటూరు జిల్లాలో ఎవరైనా "ఐ.పి. పెట్టాడట" అన్న మాట చెవిన పడగానే వినేవారి మనసు అనుమానం వైపే మొగ్గుతుంది. చిట్టీల సొమ్ము మూట గట్టుకుని రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసిన పెద్దమనుషులు ఆ మాటకు అంతటి అపకీర్తి తెచ్చిపెట్టారు. అయితే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు వసారాలో నిలబడేవారంతా ఆ బాపతు కాదు. అరువు సరుకు అమ్ముడుపోక మునిగిన కిరాణా వర్తకుడు, కౌలుకు మిరప వేసి నష్టపోయిన రైతు, ఇంట్లో ఆపరేషను కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన చిరుద్యోగి కూడా ఆ వరుసలోనే ఉంటారు. వీరి దరఖాస్తుల్లో అప్పుల జాబితా ఉంటుంది, ఆస్తుల జాబితా ఉంటుంది. లేనిదల్లా నెలకు ఆ ఇల్లు గడవడానికి ఎంత కావాలన్న లెక్కే.

దీనికి మూలం చట్టంలోనే ఉన్నది. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినప్పటికీ, వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు సొంత పూచీ ఇచ్చినవారికి మాత్రమే వర్తింపజేశారు. సామాన్యునికి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. ఆ చట్టం 13వ సెక్షను దరఖాస్తులో ఏమేమి రాయాలో చెబుతుంది. అందులో కుటుంబ పోషణ ఊసు లేదు. ఆ ఊసు వచ్చేది ఎక్కడో 66వ సెక్షనులో. దివాలాదారుకు, అతని కుటుంబానికి పోషణ నిమిత్తం అతని ఆస్తి నుంచి న్యాయమని తోచినంత భత్యం కోర్టు ఇప్పించవచ్చు, తర్వాత పెంచవచ్చు, తగ్గించవచ్చు, ఆపనూవచ్చు. మంచి నిబంధనే. కానీ అడిగినవారికే కదా ఇచ్చేది! అడగాలంటే లెక్క ఉండాలి.

నెలజీతగాడికి ఈ బాధ కొంత తక్కువ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం మామూలు డిక్రీకి జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. 40,000 జీతంలో 27,000 ఇంటికి మిగులుతుందన్న మాట. (ఆ 1,000 రూపాయల హద్దు 2002 జులై నుంచి కదలలేదు. ఈలోగా బియ్యం ధర ఎన్నిసార్లు కదిలిందో గృహిణులనడిగితే తెలుస్తుంది.) వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలు, చేతివృత్తుల వారి పనిముట్లు, రైతు సాగుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు కూడా జప్తుకు రావు. రైతు, కూలీ తాము కాపురముంటున్న ఇంటిని సైతం కాపాడుకోవచ్చు. కాగా చిల్లరకొట్టువాడికి ఆ ఇంటి రక్షణా లేదు, జీతానికున్నట్లు నికరమైన లెక్కా లేదు. అతను కోర్టును అడిగి తెచ్చుకోవలసిందే.

అడగబోతే జరుగుతున్నదేమిటి? ప్లీడరు గుమాస్తా ఒక అంకె చెబుతాడు, కక్షిదారు తల ఊపుతాడు. ఉదాహరణకు అయిదుగురున్న అద్దె ఇంటి కుటుంబాన్ని తీసుకుందాం. కొట్టు మీద ఖర్చులు పోను నెలకు 32,000 మిగులుతున్నదనుకుందాం. బియ్యం, సరుకులు 9,000, పాలు, కూరలు 4,500, అద్దె 6,000, కరెంటు, గ్యాసు 2,000, ముసలితల్లి మందులు 1,500, బస్సు చార్జీలు, ఫోను 1,500. పిల్లల బడి ఫీజు ఏడాదికి 36,000, అంటే నెలకు 3,000. మొత్తం 27,500. అప్పులవారి వాటాకు 4,500 మిగులుతుంది. ఇది నిజమైన లెక్క.

కోర్టు మెచ్చుకుంటుందనుకుని ఖర్చు 15,000 అని రాయించే అమాయకులున్నారు. కాగితం మీద పొదుపు బాగానే ఉంటుంది. మూడో నెలలో కిరాణా కొట్లో ఖాతా పెట్టక తప్పదు. అక్కడే అసలు ప్రమాదం. చట్టం 72వ సెక్షను ప్రకారం విడుదల పొందని దివాలాదారు తన సంగతి చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అరువు తెచ్చినా నేరమే, ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. యాభై రూపాయలకు ఈ రోజుల్లో ఏమొస్తుంది? తక్కువ రాసినందుకు ఆకలి ఒకవైపు, శిక్ష భయం మరొకవైపు.

ఎక్కువ రాసేవారి గతి ఇంకో రకం. ఖర్చు 45,000 అని చూపితే, ఆ వైభోగమే నీ కొంప ముంచిందని అప్పులవారి వకీలు లేచి నిలబడతాడు. 42వ సెక్షనులో అసమంజసమైన దుబారా జీవనం, జూదం విడుదలకు అడ్డంకులుగా ఉన్నాయి. రూపాయికి ఎనిమిదణాల వంతు అప్పుకైనా ఆస్తి సరిపోకపోవడం తన తప్పు వల్ల కాదని చూపవలసిన భారం అదే సెక్షను కింద అతనిపై ముందే ఉంటుంది. దానికి తోడు ఇదొకటి.

ఖర్చుల పట్టీలోకి రాకూడనివి కొన్ని చేరుతుంటాయి. బంగారం కుదువ మీద కట్టే వడ్డీ ఇంటి ఖర్చు కాదు, అది అప్పుల జాబితాకు చెందినది. చిట్టీ వాయిదా కూడా అంతే. బావమరిది చేబదులును నెలనెలా తీరుస్తూ దానిని "సరుకులు" కింద రాయడం మరీ చేటు. దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో ఒక అప్పులవాడికి పక్షపాతంగా కట్టిన సొమ్మును కోర్టు రద్దు చేయగలదు. అదే సమయంలో, రావలసినవి రాకుండా పోతున్నాయి. సంక్రాంతి బట్టలు, జూన్ నెల పుస్తకాలు, ఏడాదికోసారి కట్టే బీమా వంటివి పన్నెండు నెలలకు పంచి రాయాలన్న ఆలోచన ఎవరికీ తట్టదు. పిల్లల్ని ఇంగ్లీషు మీడియం బడిలో చదివించడం దుబారాయా అని అప్పులవారు అడగవచ్చు. ఏటా లక్ష దాటే కార్పొరేటు కళాశాల ఫీజుకు ఆ ప్రశ్న సబబే. వీధి చివరి బడికి కాదు.

విచిత్రమేమిటంటే, కంపెనీలకు పూచీ పడ్డ పెద్దలకోసం 2019లో చేసిన నిబంధనలలో, వారూ వారిపై ఆధారపడిన కుటుంబమూ సముచితంగా బతకడానికి కనీస బడ్జెటు చెల్లింపు ప్రణాళికలోనే చూపాలని స్పష్టంగా రాశారు. కోట్లకు సంతకం పెట్టినవాడికి ఉన్న ఆ గడి, లక్షల్లో మునిగినవాడి కాగితంలో లేకపోవడం ఏ న్యాయం? శాసనం మారేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. 66వ సెక్షను కోర్టుకు తగినంత అధికారం ఇచ్చే ఉంది. దరఖాస్తుతోపాటే తెలుగులో ఒక పేజీ ఇంటి ఖర్చుల పట్టీ దాఖలు చేయించే పద్ధతిని న్యాయవాదుల సంఘం, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలిసి ఆరంభించవచ్చు. దానికి అద్దె రసీదు, కరెంటు బిల్లు, మందుల చీటీ జతపరిస్తే చాలు. ఆ పట్టీ ఇంట్లో వంట చేసే మనిషి చేత చెప్పించి రాయాలి. సరుకుల ధర ఆమెకు తెలిసినట్లు ప్లీడరు గుమాస్తాకు తెలియదు.