పక్షుల పంజరములు – చీమల బాధ

ఇంట పక్షులను బెంచు సోదరీమణులతో, పిల్లికంటెను జీమయే మీకు గొప్ప శత్రువని చెప్పినచో నవ్వుదురేమో. నేనును ఒకప్పుడు నవ్వినదాననే.

మన రామచిలుకను బంజరమున నుంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. కావున నేడు ఇండ్లలో గానవచ్చునవి చాలవఱకు బజారులో లవ్‌బర్డ్స్ అని యమ్మెడి చిన్నపక్షులు. ఇవి నిజమునకు ఆస్ట్రేలియా దేశపు బడ్జీలు. మా యింట నట్టి జంట యొకటి మట్టిముంతలో గ్రుడ్లు పెట్టి, ఒక్కొక్కదానిని 18 దినములు పొదిగి, 3 పిల్లలను జేసినది. పుట్టిన పిల్లకు ఈకలుండవు; కన్నులు విడవు. ఒకనాటి వేకువను జూచునప్పటికి ముంత నిండ నెఱ్ఱచీమలు. తల్లి దూరముగా కమ్మిని బట్టుకొని కూర్చుండి యుండెను. దక్కిన పిల్ల యొక్కటియే. తప్పు నాదే: ముందటి సాయంకాలము వేసిన జామపండు ముక్కను, నానిన పెసలను దీయ మఱచితిని.

ఆ కోపమున చీమలమందు పొడిని దెప్పించి జల్లబోవుచుండగా మావారు వారించిరి. పక్షి దేహమున ఊపిరితిత్తులకు దోడు గాలితిత్తులు గలవు. గాలిని లోనికి బీల్చునపుడును, వెలికి విడుచునపుడును ఊపిరితిత్తులలో గ్రొత్తగాలియే ప్రవహించుచుండును. అందుచే మనకు వట్టి దుమ్మువలె దోచు విషము దానికి బ్రాణాంతకము. చీమలమందే గాదు; దోమల పొగచుట్ట, కలరా ఉండలు, పిచికారి మందులు, కిరసనాయిలు, ఏదియు బంజరము చేరువకు రాగూడదు.

మఱి యుపాయమేమి? నేతిగిన్నెను నీళ్ల పళ్లెములో నుంచుట యెఱుగని గృహిణి లేదుగదా. ఇచటను అదియే. పంజరమును కాళ్లుగల బల్లపై నుంచి, ఒక్కొక్క కాలిక్రింద నీటిగిన్నె నుంచవలెను. ఇట్లు చేసియు జీమలు వచ్చినవని కొందఱందురు. నీటిపై దుమ్మును, గింజల పొట్టును, రాలిన యీకలును దేలి వంతెన గట్టును. లేదా పంజరమునకు గోడయో, తెరయో, ఆరవేసిన చీర కొంగో తగులుచుండును. ఈ రెండును జూచుకొనుడు. నీటిలో నొక చుక్క సబ్బునీరు గలిపినచో చీమ పైని దేలజాలక మునుగును. దోమలు పెరుగకుండ 4 దినముల కొకసారి నీరు మార్చవలెను. వ్రేలాడు పంజరమైనచో కొక్కెమునకు, పక్షి ముక్కు అందని యెత్తున, వేసలీను దట్టముగా బూయుడు.

చీమలు నడచిన దారిలో నొక వాసనను విడిచిపోవును. వెనుకవి దానిని బట్టియే వచ్చును. కావున జీమలను ఊడ్చిన జాలదు, ఆ దారిని సబ్బునీటితో గడుగవలెను. పుట్టనే యడంపగోరువారు చక్కెరనీటిలో నూటికి 1 వంతు బోరిక్ పొడి గలిపి, దూదిని అందులో ముంచి, రంధ్రములుగల మూత డబ్బీలో, చీమలబారు ప్రక్కన నుంచవచ్చును. బిడ్డలకును పక్షులకును అది యందరాదు. కూలిచీమలు దానిని గొనిపోయి రాణికిని బెట్టును. త్వరపడి గాఢముగా గలిపినచో అవి దారిలోనే చచ్చి, పుట్ట యట్లే యుండును. కొన్ని దినములు ఓపిక పట్టక తప్పదు.

చీమ కంటికి గనబడును. కనబడని శత్రువు వేఱొకటి కలదు. నల్లివలె బగలు కఱ్ఱసందులలో దాగి, రాత్రి పక్షి నెత్తురు ద్రాగు సన్నని పురుగు అది. పక్షులు రాత్రులందు నిలుకడ లేక గొరుగుకొనుచున్నచో పంజరముపై దెల్లనిగుడ్డ కప్పి, తెల్లవాఱుజామున దాని లోపలి వైపు చూడుడు. ఎఱ్ఱని చుక్కలు కదలుచున్నచో అవి యివియే. పక్షులను వేఱొక పంజరమునకు మార్చి, పాతదాని సందులలో సలసల కాగిన నీరు బోసి యెండబెట్టవలెను. వేసవిలో నీ పురుగు వారమునకే గ్రుడ్డునుండి పెద్దదగును. కావున వారము తిరుగగనే మరల జేయవలెను. పాతముంతను బగులగొట్టి పాఱవేయుడు; క్రొత్తముంత వెల యెంత గనుక!

ఎలుకల మాట యొకటి మిగిలినది. పంజరపు జాలి కన్ను అరయంగుళమున్నను జిట్టెలుక దూరును. దాని మూత్రము గింజలపై బడినచో పక్షులకు రోగము వచ్చును. కొఱ్ఱలను, సజ్జలను బిగుతైన మూతగల డబ్బాలో నుంచి, నేల రాలినవానిని దీపము పెట్టువేళకే యూడ్చివేయుడు.