ఆ బాటకు మనం బాకీ

అమెరికాలో స్థిరపడిన తెలుగు అన్నలారా, అక్కచెల్లెళ్ళారా!

ఇల్లు కొనేముందు మనం స్కూలు రేటింగు చూస్తాం. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఏరియా వద్దులే, అక్కడ నల్లోళ్ళు ఎక్కువ" అనుకుంటాం. ఆ మాట మళ్ళీ నోట రాకముందే, ఆ ఏరియా అలా ఎందుకైందో తెలుసుకుందాం.

1619లో ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన మనుషులను వర్జీనియా తీరంలో దించారు. 1865 దాకా వాళ్ళ సంతతి సంతలో సరుకుగా బతికింది. బానిసత్వం పోయాక కూడా దక్షిణాదిలో వాళ్ళకు బడి వేరు, బస్సులో సీటు వేరు, తాగే నీళ్ళ కుళాయి సైతం వేరు. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీయించి, నల్లవారి పేటలకు ఎర్రరంగు పూసింది. ఎర్రబడ్డ పేటలో ఇంటికి అప్పు పుట్టడం గగనమైంది. ఇల్లు లేకపోతే బిడ్డలకు మిగిల్చే ఆస్తి లేదు. ఇళ్ళకు విలువ లేకపోతే ఇంటిపన్ను మీద నడిచే బడికి డబ్బు లేదు. 1968 చట్టం ఆ వివక్షను నిషేధించింది. కానీ తాతకు దక్కని ఇల్లు మనవడికి ఎక్కణ్ణుంచి వస్తుంది? మనం చూసే రేటింగులో ఆ ఎర్రగీత జాడ ఇంకా ఉంది.

మన సంగతీ గుర్తుచేసుకుందాం. అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్‌సింగ్ థిండ్‌కు 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు, తెల్లవాడు కాదంటూ పౌరసత్వం నిరాకరించింది. 1946లో తలుపు కాస్త తీసినా, ఏటా వందమంది భారతీయులకే చోటు. అది బార్లా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. ఎవరి పుణ్యం అది? బస్సులో వేరు సీటుకు నిరసనగా మాంట్‌గోమరీలో 381 రోజులు బస్సెక్కకుండా పనికి నడిచిపోయిన తల్లులది. ఓటుహక్కు అడుగుతూ సెల్మా వంతెన మీద లాఠీదెబ్బలు తిన్నవాళ్ళది. రంగుతో మనిషిని తూచడం తప్పని వాళ్ళు దేశాన్ని ఒప్పించారు కనుకే, మన వీసాలకు దారి పడింది.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో, మా దేశం విడిచిపొమ్మంటూ ఒకడు మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపాడు. ఆ తుపాకికి మన డిగ్రీలు కనబడలేదు, రంగే కనబడింది. వాణ్ణి ఆపబోయి తూటా తిన్నది ముక్కూమొహం తెలియని ఒక తెల్లజాతి యువకుడు. అతను మనకోసం లేచాడు. మనం ఎవరికోసం లేస్తాం?

ఓటున్న ప్రతి ఒక్కరం స్కూలు బోర్డు ఎన్నికలకు కదులుదాం. మన బడికే కాదు, పక్కపేట బడికీ నిధులు అడుగుదాం. జ్యూరీకి పిలుపొస్తే సాకులు వెతక్కుండా వెళ్దాం. ఉద్యోగాలిచ్చే కుర్చీలో ఉన్నవాళ్ళం పేరు చూసి దరఖాస్తును పక్కన పడేయనివ్వకుండా చూద్దాం. జూన్ 19న నల్లవారు జరుపుకునే విముక్తి పండుగకు పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్దాం. పెళ్ళి సంబంధాల్లో అమ్మాయి తెల్లగా ఉండాలన్న షరతునూ, కులం ఆరా తీసే అలవాటునూ మన ఇళ్ళలోనే పాతరేద్దాం. ఇంట్లో విషం ఉంచుకుని వీధిలో న్యాయం అడగలేం.

"అక్కడ ఇల్లెందుకు వద్దు నాన్నా?" అని రేపు మన బిడ్డ అడిగితే గొంతు తగ్గించకండి. ఎర్రగీత కథ చెప్పండి. 381 రోజుల నడక కథ చెప్పండి. ఆ నడక ఇంకా గమ్యం చేరలేదు. వాళ్ళు వేసిన బాటలోనే మనం ఇక్కడిదాకా వచ్చాం. మిగిలిన దూరం వాళ్ళతో కలిసి నడుద్దాం. లేవండి!