ఓడ తలుపు మళ్లీ తెరుచుకోవాలి



వేసవి సెలవులు వస్తే, క్రిస్మస్ పండుగ గడిస్తే మన సంఘాల నుంచి బస్సులు బయలుదేరుతాయి. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం సంఘాలకు దగ్గరి చోటు కిన్నెరసాని. అక్కడ జలాశయం ఉంది, పక్కనే దుప్పుల పార్కు ఉంది. ఇంకొంచెం దూరం పోగలిగినవాళ్లు వరంగల్ కాకతీయ జూకి, హైదరాబాద్ నెహ్రూ జూకి వెళ్తారు. సండే స్కూలు పిల్లలకు ఏడాదంతా గుర్తుండిపోయే రోజు అది. ఆ సంతోషాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కాని ఆ రోజు మనం పిల్లలకు ఒక మాట చెబుతాం: దేవుని సృష్టి ఎంత గొప్పదో చూడండి అంటాం. చూపించేది మాత్రం కంచె లోపల ఉన్న సృష్టిని. సృష్టికర్త దానికి ఇచ్చిన చోటు అది కాదు. అడవి జీవిని అలా ఉంచే అధికారం మనకు ఉందా? ఉంటే ఏ షరతు మీద ఉంది?

కిన్నెరసానిలో నిలబడితే ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. ఆ పార్కును ఆనుకునే సుమారు 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. కంచెకు ఇటు చుక్కల దుప్పి, అటు కూడా చుక్కల దుప్పే. ఇటు ఉన్నదానికి వేళకు మేత దొరుకుతుంది, కుక్కల భయం తక్కువ, జబ్బు చేస్తే చూసే మనిషి ఉంటాడు. కాని అది నడవగలిగినంత దూరం మనిషి గీసిన గీత వరకే. అటు ఉన్నదానికి అడవంతా ఉంది. దానితోపాటు ఉచ్చులున్నాయి, వేటగాళ్లు పరిచే కరెంటు తీగలున్నాయి, ఇప్పపూల కాలంలో నేలమీద పెట్టే నిప్పు ఉంది. ఈ రెండింటిలో ఏ దుప్పి మేలైన స్థితిలో ఉందని పిల్లవాడు అడిగితే మన దగ్గర తడుముకోని జవాబు లేదు. లోపలి దుప్పి క్షేమంగా కనిపిస్తున్నదంటే, బయటి అడవిని మనం అంత ప్రమాదకరంగా మార్చామన్నమాట.

మనుషుల ఆకలి తీరలేదు, దేవుని సేవ బోలెడంత మిగిలి ఉంది, ఇక జంతువుల సంగతి సంపాదకీయానికి ఎందుకని కొందరు విశ్వాసులు అనవచ్చు. వాళ్లకు యోనా గ్రంథం చివరి వచనాన్ని గుర్తుచేస్తాం. నీనెవె మీద తనకెందుకు జాలి కలిగిందో దేవుడు ప్రవక్తకు వివరించినప్పుడు అక్కడి జనాన్ని లెక్కించి ఊరుకోలేదు, పశువులను కూడా లెక్కలోకి తెచ్చాడు. జలప్రళయం తర్వాత చేసిన నిబంధన కూడా నోవహుతోను అతని సంతానంతోను ఆగలేదు. ఓడలోనుంచి బయటికి వచ్చిన ప్రతి జీవితోను చేశాడు. దేవుడు లెక్కలో ఉంచినవాటిని మనం లెక్కలోనుంచి తీసేయలేము.

జంతువుల మీద ఏలుబడి మనిషికి ఇచ్చాడు గదా అని ఆదికాండము మొదటి అధ్యాయాన్ని చూపించేవారు చాలామంది ఉన్నారు. నిజమే. అయితే రెండవ అధ్యాయం కూడా చదవాలి. తోటను సేద్యం చేయడంతోపాటు కాచే పని కూడా ఆదాముకు అప్పగించాడు. జంతువులకు పేర్లు పెట్టించడానికి దేవుడే వాటిని ఆదాము దగ్గరికి రప్పించాడు. ఆదాము వల వేసి పట్టి తేలేదు. పేరు పెట్టిన తర్వాత వాటిని ఉంచుకోలేదు. బైబిల్లో సింహాలను ఉంచుకున్నవాడు ఎవరంటే, దానియేలును వాటి ముందు పడవేయించిన బబులోను రాజు దర్యావేషు. అక్కడ ఆ గుహ రాజు అధికారానికి గుర్తు. ప్రదర్శన కోసం మృగాలను బంధించడం రాజుల అలవాటు, తోటమాలి అలవాటు కాదు.

మరి నోవహు ఓడ మాట ఏమిటి? జంతు ప్రదర్శనశాలలను సమర్థించేవారు తరచుగా ఆ ఓడనే ఎత్తుకుంటారు. జాతులు నశించిపోతున్న కాలంలో ఇవే నేటి ఓడలు అంటారు. ఆ పోలికను మేము కాదనము. కాని ఆ కథను సగంలో ఆపకూడదు. ఏడవ అధ్యాయంలో తలుపు మూసినవాడు దేవుడే. నేల ఆరిన తర్వాత, ఎనిమిదవ అధ్యాయంలో, జీవులన్నిటినీ బయటికి తీసుకురమ్మని ఆజ్ఞాపించినవాడూ ఆయనే. అవి భూమిమీద మళ్లీ విస్తరించాలన్నది ఆయన ఉద్దేశం. ఓడ నివాసం కాదు, ప్రయాణం. తెరవాలన్న ఉద్దేశంతో మూసిన తలుపు అది. ఈ కొలతతో మన జూలను చూద్దాం.

మేలైన ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, నెహ్రూ జూ, అటవీశాఖ, కేంద్ర జూ ప్రాధికార సంస్థ కలిసి 2010లో మూషిక జింకల పెంపకం మొదలుపెట్టాయి. కుందేలంత ఉండే ఈ చిన్న జీవి పగలంతా పొదల్లో దాగి ఉంటుంది. జూలో పుట్టి పెరిగిన మూషిక జింకలను తర్వాత నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో 2009 నాటికి ఒక్క పులి కూడా మిగలలేదు. తల్లిని పోగొట్టుకుని కాన్హాలో మనుషుల సంరక్షణలో పెరిగిన ఆడపులిని 2011లో అక్కడ విడిచిపెడితే, అది అడవికి అలవాటుపడి అదే ఏడాది పిల్లలను కన్నది. ఓడ అనే పేరుకు తగిన పని ఇదే.

మరో పక్క కూడా చెప్పాలి. 2000 అక్టోబరులో నెహ్రూ జూలోనే సాకి అనే ఆడపులిని దుండగులు రాత్రివేళ చంపి చర్మం ఒలుచుకుపోయారు. 2021 మే నెలలో అదే జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు తేలింది. మన దేశంలో జంతువులకు ఆ వ్యాధి నిర్ధారణ కావడం అదే మొదలు. అవి కోలుకున్నాయి. ఈ రెండు సంగతులూ ఒకే విషయాన్ని గుర్తుచేస్తాయి: బోనులో ఉన్న జీవికి పారిపోయే దారి ఉండదు. దొంగ వచ్చినా, రోగం వచ్చినా దాని ప్రాణం పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. అంత పూర్తిగా మన మీద ఆధారపడేలా చేసుకున్నాక, బాధ్యత కూడా అంత పూర్తిగా మనదే అవుతుంది.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులిపిల్లలు గ్రామస్థులకు దొరికాయి. తల్లిపులి కోసం అటవీ సిబ్బంది రోజుల తరబడి అడవి గాలించారు. తల్లితో కలిపే ప్రయత్నం ఫలించక వాటిని తిరుపతి జూకి చేర్చారు. ఆ పరిస్థితిలో అంతకన్నా మంచి మార్గం ఉందని మేము అనలేము. ఆకలితో ఉన్న పిల్లలకు తలుపు మూసి ఆశ్రయమిస్తే అది క్రూరత్వం కాదు. కాబట్టి జూ ఉండాలా వద్దా అని ఒక్కమాటలో తేల్చడం కుదరదు. ఈ జీవి లోపలికి ఎందుకు వచ్చింది? తిరిగి వెళ్లే వీలుందా? వీలు లేకపోతే, బతికినన్నాళ్లు దాని స్వభావానికి తగిన చోటు ఇస్తున్నామా? ఒక్కొక్క జీవి విషయంలో ఈ మూడు ప్రశ్నలు వేయాలి. చూసేవాళ్ల సరదా ఒక్కటే జవాబైతే, ఆ తలుపు మూయడానికి మనకు అధికారం లేదు.

మన దేశ చట్టం కూడా ఇంచుమించు ఈ దిక్కుకే నడిచింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. దాని గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. 1998 జాతీయ జూ విధానం అడవుల్లో జరిగే సంరక్షణకు తోడ్పడడమే జూల ముఖ్య ఉద్దేశమని నిర్ణయించింది. 2025 ఆగస్టులో గుజరాత్‌లోని వనతారా కేంద్రంపై వచ్చిన ఆరోపణలను పరిశీలించడానికి సుప్రీంకోర్టు మన తెలుగువాడైన విశ్రాంత న్యాయమూర్తి జాస్తి చెలమేశ్వర్ నాయకత్వంలో బృందాన్ని నియమించింది. చట్ట ఉల్లంఘన లేదన్న ఆ బృందం నివేదికను సెప్టెంబరులో అంగీకరించింది. చట్టం అడగవలసింది అడిగింది, జవాబు వచ్చింది. దానితోపాటు విశ్వాసి మనస్సాక్షి అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: లోపలికి వచ్చినవాటిలో ఎన్ని తిరిగి వెళ్తున్నాయి? అది పెద్ద కేంద్రానికైనా చిన్న దుప్పుల పార్కుకైనా వేయవలసిన ప్రశ్నే.

అయితే తలుపు తెరిస్తే సరిపోదు. నోవహు వదిలిన పావురానికి మొదటిసారి కాలు మోపే చోటు దొరకలేదు. నేల ఆరితేనే ఓడ ఖాళీ అవుతుంది. ఈ రోజు మన జీవులకు ఆరిన నేల ఎక్కడుంది? 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో చెట్లు కూల్చినప్పుడు జింకలు దిక్కుతోచక బయటికి వచ్చిన దృశ్యాలు అందరం చూశాం. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆ పని ఆపించింది. ఇల్లు కూల్చి, తర్వాత ఆ ఇంటివారికి కంచె వేసిన పార్కు కట్టిస్తామనడం దయ అనిపించుకోదు.

మన జిల్లాల అడవి అంచున ఈ మాట ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. దుమ్ముగూడెం మిషను కాలం నుంచి ఈ గోదావరి తీరంలో సంఘాలు అడవి నీడలోనే పెరిగాయి. కోయ విశ్వాసులకు అడవి విహారయాత్ర కాదు, వాళ్ల బతుకు. చలికాలంలో పులి గోదావరి దాటి ఇటు వచ్చిందన్న వార్త పట్టణంలో ఉత్సాహాన్ని పుట్టిస్తుంది. ఆవును పోగొట్టుకున్న ఇంట్లో అది దుఃఖం. పోడు భూముల గొడవల్లో 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఒక ఫారెస్టు రేంజి అధికారి ప్రాణం కోల్పోయాడు. ఆ అధికారి ఇంటి కన్నీళ్లను మరవలేము. ఛత్తీస్‌గఢ్‌లో హింసకు భయపడి ఇటు వలసవచ్చిన గుత్తికోయల కడుపుకోతనూ మరవలేము. అడవిని కాచేవాడికీ అడవిలో బతికేవాడికీ మధ్య సమాధానం లేకపోతే పులికైనా దుప్పికైనా ఆరిన నేల దొరకదు. పట్టణపు జూలో పులిని చూసి మురిసిపోతూ, ఆ పులి బతకవలసిన అడవి భారమంతా పేదవాడి భుజాన వేయడం న్యాయం కాదు.

కాబట్టి సంఘాలకు మా మనవి ఇది. కిన్నెరసానికైనా జూకైనా వెళ్లే ముందు పిల్లలకు ఓడ కథను ఎనిమిదవ అధ్యాయం దాకా చెప్పండి. జూలో జంతువులకు తిండి వేయడం, రాళ్లు విసరడం, అరిచి బెదరగొట్టడం వన్యప్రాణి చట్టం 38జె సెక్షను ప్రకారం నేరమని ముందే తెలియజేయండి. చిప్స్ ప్యాకెట్టు దుప్పి కడుపులోకి పోకుండా చూడడం కూడా ఆరాధనలో భాగమే. ఇంట్లో పంజరంలో రామచిలుకను పెంచడం చట్టవిరుద్ధం. అలాంటివి ఉన్నవారు వాటిని అటవీశాఖకు అప్పగించండి. రెక్కలు బలహీనపడ్డ చిలుకను ఉన్నపళంగా గాలిలోకి వదిలితే అది బతకదు.

గ్రామ సంఘాల కాపరులు కరెంటు తీగల గురించి బలిపీఠం దగ్గరే మాట్లాడాలి. ఆ తీగకు దుప్పి, పశువు, మనిషి అన్న తేడా తెలియదు. పెళ్లి విందులోగాని సంఘ విందులోగాని అడవి మాంసం వడ్డించకూడదని పెద్దలు తీర్మానం చేయాలి. పులి పశువును చంపిన కుటుంబానికి ప్రభుత్వ పరిహారం ఉంది. అర్జీ రాయడానికి, ఆఫీసు చుట్టూ తిరగడానికి చదువుకున్న సంఘస్థుడు ఒకడు తోడు వెళ్లాలి. పులి మీద కోపంతో విషం పెట్టే చేయి, అలా పక్కన ఒక మనిషి నిలబడితే ఆగుతుంది.

సామెతల గ్రంథం 12వ అధ్యాయంలో నీతిమంతుడికి ఒక గుర్తు ఉంది: తన పశువు ప్రాణాన్ని అతడు లక్ష్యపెడతాడు. అడవి జీవిని కంచె లోపల ఉంచామంటే దాన్ని మన పశువుగా చేసుకున్నట్టే. ఆ గుర్తుతోనే మనం కొలవబడతాం. తలుపు మూయమన్న దేవుడే తెరవమన్నాడు. మూయడం మనకు బాగా వచ్చింది. తెరవడానికి కావలసిన ఆరిన నేలను సిద్ధపరచే కృప ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక.