ఒడ్డున చీపుర్లు, ఎగువన మురుగు

"సముద్రానికీ మనకూ ఏం సంబంధమండీ? అది బాపట్ల వాళ్ల గొడవ" అన్నాడు మొన్న సంగం జాగర్లమూడి టీకొట్టు దగ్గర ఒక పెద్దమనిషి. చదువుకున్నవాడే. సూర్యలంక వెళ్లి, చేతులకు తొడుగులేసుకుని, బీచిలో చిప్స్ కవర్లు ఏరి, ఫొటో దిగి వచ్చినవాడే. తీరాన్ని కాపాడటమంటే ఇదేనని ఇప్పుడు అందరికీ నమ్మకం కుదిరిపోయింది. ఆదివారం పొద్దున్నే ఓ రెండు గంటలు వంగి లేస్తే చాలు, సముద్రం శుభ్రం!

కవర్లంటే కంటికి కనిపిస్తాయి, ఏరతారు. అమ్మోనియాను ఏ చేత్తో ఏరతారు? తెనాలి, రేపల్లె, బాపట్ల వీధుల మురుగంతా సైడు కాలువల్లోంచి డ్రెయిన్లకూ, డ్రెయిన్లలోంచి సముద్రానికీ పోతూనే ఉంది. ఉప్పునీరు క్రిముల్ని చంపేస్తుందట. చంపనీ. మురుగుతో పాటు పోయే నత్రజని, భాస్వరం సంగతేంటి? వాటితో నాచు బలుస్తుంది, కుళ్లుతుంది, నీళ్లలో ప్రాణవాయువు హరించుకుపోతుంది. ఆ తీరం మీదే కదా వేటగాళ్లూ, రొయ్యల చెరువులవాళ్లూ బతికేది!

అసలు నా మంటంతా డ్రెయిన్ల గురించి. వాటిని తవ్వింది పట్టణాల దొడ్లు కడగడానికి కాదు, వరి పొలాల్లో నిలిచిన నీళ్లను సముద్రంలోకి దించడానికి. 1968లో చట్టం చేసి మరీ కృష్ణా, గోదావరి డెల్టాల రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేశారు. కట్టింది రైతు. పైసా కట్టకుండా వాడుకుంటున్నది పట్టణం. మొక్కజొన్న తడికి డ్రెయినులో మోటారు దించిన రైతును ఒకసారి చూడండి. గడియకోసారి ఫుట్‌వాల్వు పైకి లాగి, దానికి చుట్టుకున్న డైపర్లూ షాంపూ ప్యాకెట్లూ పీకి గట్టున పడేస్తుంటాడు. నీళ్లలో దిగితే మోకాళ్ల దాకా దురద. గుర్రపుడెక్క తీయలేదని ఇరిగేషన్ వాళ్లను తిడతాం గానీ, దానికి రోజూ ఎరువు వేస్తున్నది మన పాయిఖానాలే.

ఇంకో చోద్యం చూడండి. గుంటూరు తాగే నీళ్లలో కొంత ఈ సంగం జాగర్లమూడి నుంచే వెళ్తుంది. వెళ్లేటప్పుడు దానికి క్లోరిను, పరీక్షలు, కాపలా. వాడి వదిలేశాక అడిగే దిక్కు లేదు. 2018లో గుంటూరులో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసి, అతిసారంతో మనుషులే పోయారు. భూగర్భ డ్రైనేజీ పేరుతో రోడ్లు తవ్వారు, పని మధ్యలో ఏళ్ల తరబడి ఆగింది.

దేశమంతా ఇదే వరస. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 లెక్కల్లో మన పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు. శుద్ధి అవుతున్నది 20,236. నీటి కాలుష్య చట్టం వచ్చింది ఎప్పుడో 1974లో! డబ్బుల్లేవంటారు. బీచ్ పండగలకు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాయో.

ఏం చెయ్యాలంటారా? మురుగు డ్రెయినులో పడే ప్రతిచోటా ముందు శుద్ధి జరగాలి. చెరువులో, ప్లాంట్లో, ఇంజనీర్లు తేలుస్తారు. ఈలోగా ఒక్క పని చెయ్యండి. రైతు మీద వేసినట్టే, మునిసిపాలిటీ డ్రెయినులోకి వదిలే ప్రతి కిలోలీటరు మురుగు మీదా సెస్సు వెయ్యండి. శుద్ధికి డబ్బు ఎలా దొరకదో అప్పుడు చూద్దాం.