రక్తపరీక్ష చీటీలో 'నార్మల్' అని ఉంటే చాలునా?

విసర్జన పాఠం పూర్తయ్యాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "నెఫ్రాన్ పటము గీచి, భాగములు గుర్తింపుము." చాలామంది చక్కగా గీస్తారు, మార్కులు తెచ్చుకొంటారు. అదే విద్యార్థి చేతికి అమ్మమ్మ తన రక్తపరీక్ష చీటీ ఇచ్చి, "ఇందులో ఏముందో చూసి చెప్పు నాయనా" అంటే ఏం చేస్తాడు? అంకె పక్కన అచ్చువేసిన హద్దులు చూస్తాడు. అంకె ఆ రెంటి మధ్య ఉంటే "నార్మలే అమ్మమ్మా!" అని చీటీ మడిచి ఇచ్చేస్తాడు.

చీటీ చదవడమంటే ఇంతేనా? కాదు. దాన్ని సరిగా చదవడం కూడా పటం గీయడంతోపాటు బడిలోనే నేర్పాలని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. పాఠంలో దీన్నే గుచ్ఛగాలనం అన్నారు. అందులో నూటికి 99 పాళ్లు తిరిగి రక్తంలోకే పోతుంది. మిగిలిన లీటరు, లీటరున్నరే మూత్రం. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియాలంటే ఈ వడపోత ఎంత జరుగుతోందో తెలియాలి. ఒంట్లోకి తొంగిచూసి కొలవలేం కదా! అందుకని శాస్త్రజ్ఞులు ఒక సాక్షిని పట్టుకొన్నారు. ఆ సాక్షి పేరు క్రియాటినిన్.

మన కండరాల్లో క్రియాటిన్ అనే పదార్థం ఉంది. అది రోజూ కొద్ది కొద్దిగా క్రియాటినిన్‌గా మారుతుంది. ఇది ఒంటికి పనికిరాదు. రక్తంలో కలుస్తుంది, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. 1886లో మాక్స్ జాఫే అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లంతో ఇది కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుందని కనిపెట్టాడు. రంగు ఎంత చిక్కగా ఉంటే క్రియాటినిన్ అంత ఎక్కువ. నేటికీ ఎన్నో పరీక్షాకేంద్రాల్లో ఈ పద్ధతే నడుస్తోంది. పెద్దవాళ్లకు చీటీలో సాధారణంగా కనిపించే హద్దులు 100 మిల్లీలీటర్లకు 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాములు. కేంద్రాన్ని బట్టి ఇవి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక మనిషి క్రియాటినిన్ 0.6 అనుకొందాం. అంటే లీటరుకు 6 మిల్లీగ్రాములు. రోజుకు 180 లీటర్లు వడకడితే 180 × 6 = 1080 మిల్లీగ్రాములు బయటికి పోతుంది. కండరాలు తయారుచేసేదీ అంతే కాబట్టి జమాఖర్చులు సరిపోయాయి. తర్వాత జబ్బు చేసి వడపోత సగానికి, అంటే 90 లీటర్లకు, పడిపోయిందనుకొందాం. కండరాలు మాత్రం తమ 1080 మిల్లీగ్రాములూ తయారుచేస్తూనే ఉన్నాయి. జమాఖర్చులు మళ్లీ సరిపోవాలంటే ప్రతి లీటరూ 12 మిల్లీగ్రాములు మోయాలి: 90 × 12 = 1080. అంటే చీటీలో 1.2 కనిపిస్తుంది.

గమనించారా? మూత్రపిండాల శక్తి సగం పోయింది. చీటీ మాత్రం ఇంకా 'నార్మల్' అంటోంది!

మీ గణితంలో విలోమానుపాతం అని చదివారే, అదే ఇది. వడపోత 45 లీటర్లకు దిగితే అంకె 2.4 అవుతుంది, ఇంకా సగమైతే 4.8 అవుతుంది. మొదటి సగం పోయినప్పుడు అంకె పెరిగింది 0.6 మాత్రమే. ఆఖరున కొద్దిపాటి శక్తి పోయినా అంకె ఎగిరి గంతులు వేస్తుంది. కనుక 4.8 చూసి గాభరా పడేవారు, 0.6 నుంచి 1.2కి వచ్చిననాడే అడిగి ఉండవలసింది.

ఇంకో చిక్కు ఉంది. క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది కాబట్టి, కండ ఉన్నవారికి ఎక్కువగాను, బక్కపలచని వారికి, ముసలివారికి తక్కువగాను ఉండాలి. అందరికీ ఒకే హద్దు గీస్తే ఎలా? అందుకే వయసు, స్త్రీయా పురుషుడా అన్నది కూడా లెక్కలోకి తీసుకొని వడపోతను అంచనా కట్టే సూత్రాలు వచ్చాయి. ఆ అంచనానే చీటీల్లో ఇ.జి.ఎఫ్.ఆర్. అని వేస్తారు. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నదీ, ఒంటి పరిమాణానికి సరిచేసి చెప్పే అంకె అది. 2021లో సవరించిన సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.2 ఉన్న 25 ఏళ్ల యువకుడికి ఇది సుమారు 86. అదే 1.2 ఉన్న 65 ఏళ్ల స్త్రీకి సుమారు 50. మూడు నెలలకు పైగా 60 కన్న తక్కువగా ఉంటే దాన్ని దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి అంటారు. అంకె ఒకటే, అర్థాలు రెండు!

మీ వయసువారి లెక్క వేరు. ఎత్తును సెంటీమీటర్లలో తీసుకొని 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగించాలి. 150 సెంటీమీటర్ల పిల్లకు 0.6 ఉంటే జవాబు 103 వస్తుంది, దిగులు లేదు. 1.0 ఉంటే 62 వస్తుంది, డాక్టరు చూడవలసిందే. పెద్దవాళ్ల హద్దుల ప్రకారమైతే రెండూ 'నార్మలే'.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది, ఒక్క అంకెను చూసి బెంబేలెత్తడం. ఎండలో తిరిగి నీళ్లు తాగకపోయినా, వాంతులు విరేచనాలు అయినా, ముందురోజు రాత్రి మాంసం బాగా తిన్నా, కండల కోసం క్రియాటిన్ పొడి మింగినా క్రియాటినిన్ పెరగవచ్చు. యూరియా అయితే మరీ చపలం. అది మాంసకృత్తుల నుంచి పుడుతుంది కనుక తిండిని బట్టీ, నీటిని బట్టీ మారిపోతుంది. ఒక్క చీటీ తీర్పు కాదు, ఒక సాక్ష్యం మాత్రమే.

ఇదంతా ఎందుకు అంత ముఖ్యం? శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో, కొబ్బరి, జీడి తోటల మధ్య, ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధి ప్రబలి ఉంది. చక్కెర వ్యాధి, రక్తపుపోటు లేనివారికి కూడా వస్తోంది. కారణం ఇదీ అని ఖచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మంచిదే. కాని ఈ వ్యాధి మొదట్లో నొప్పి పుట్టించదు, మూత్రమూ ఆపదు. చీటీలో అంకె చెప్పేదాకా మనిషికి తెలియదు. ఒళ్లు వంచి పనిచేసే బక్కపలచని కూలికి కండ తక్కువ, కాబట్టి అతని విషయంలో ఆ అంకె ఆలస్యంగా చెబుతుంది. అసలు హెచ్చరిక ఎవరికి ముందుగా అవసరమో, వారినే 'నార్మల్' అన్న మాట ఎక్కువగా మోసగిస్తోంది.

"చీటీ చదవడానికి డాక్టర్లు లేరా? పిల్లలకు అరకొర జ్ఞానం ప్రమాదం కాదా?" అని కొందరు పెద్దలు అంటారు. కొంతవరకు నిజమే. మందు నిర్ణయించడం డాక్టరు పనే. ఇందులో మీరు వేలు పెట్టకూడదు. కాని హద్దుల్లో ఉన్న చీటీ డాక్టరు దాకా వెళ్లదు, ఇంట్లోనే ఆగిపోతుంది. చాలా ఇళ్లలో దాన్ని చదివేది మీరే. అరకొర జ్ఞానం ప్రమాదమంటే, హద్దుల మధ్య అంకె ఉంటే చాలుననుకోవడం కన్న అరకొర జ్ఞానం ఏముంది?

కాబట్టి మాష్టార్లకు నా విన్నపం: విలోమానుపాతం చెప్పేటప్పుడు, ఇంతమంది కూలీలు ఇన్ని రోజులు అనే లెక్కతోపాటు క్రియాటినిన్ లెక్క కూడా ఒకటి వేయించండి. పరీక్షాకేంద్రాల వారికి: క్రియాటినిన్ పక్కన ఇ.జి.ఎఫ్.ఆర్. వేయకుండా చీటీ ఇవ్వకండి.

ఇక విద్యార్థులకు. ఇంట్లో పాత చీటీలు పారవేయనివ్వకండి. తేదీల వారీగా ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. వీలైతే పరీక్ష ప్రతిసారీ ఒకేచోట చేయించమనండి, పద్ధతి మారితే అంకె కొంచెం మారుతుంది. అంకె హద్దుల్లోనే ఉన్నా, చీటీ చీటీకీ పెరుగుతూ పోతుంటే డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయించాలా అని అడగండి. చక్కెర వ్యాధి ఉన్నవారిలో క్రియాటినిన్ పెరగకముందే అది కనిపించవచ్చు. ఉద్దానం వంటిచోట అది పెద్దగా కనిపించకపోవచ్చు. అందుకే రెండూ కావాలి. ఒంటినొప్పులకు దుకాణంలో కొనే మాత్రలు రోజూ మింగవద్దని పెద్దలకు నచ్చజెప్పండి, వాటిలో కొన్ని మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

హద్దులు ఎంతోమందిని చూసి గీసినవి. ఒక్కొక్క మనిషి మూత్రపిండాల కథ మాత్రం అతని చీటీలను వరుసగా పేర్చి చూస్తేనే తెలుస్తుంది. పేర్చడానికి డాక్టరు చదువు అక్కరలేదు, పదో తరగతి గణితం చాలు.